రిపోర్టులో తక్కువ అని వచ్చినంత మాత్రాన ఫిట్స్ మాత్ర పెంచకండి

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇదీ. నాన్నగారికి 62 ఏళ్లు. ఎప్టాయిన్ (ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు) 100 మి.గ్రా. మాత్రలు రోజుకు మూడు వేసుకుంటున్నారు. ఆరేళ్లుగా ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. మొన్న హెల్త్ ప్యాకేజీలో చేసిన రక్త పరీక్షలో ఫెనిటాయిన్ లెవెల్ 7.2 వచ్చింది, పక్కనే ‘తక్కువ’ అని ఉంది. అదే రిపోర్టులో ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ 3.0 ఉంది. తెలిసినాయన ఒకరు నాలుగో మాత్ర కలపమన్నారు. కలపాలా, ఇకమీదట నెలనెలా ఈ టెస్టు చేయించాలా అని అడిగారు. చెల్లెలు లామోట్రిజిన్ అనే ఫిట్స్ మందు వాడుతోందని, ఇప్పుడు గర్భవతి, మూడో నెలని, ఆమెకూ లెవెల్ చూడాలా అని కూడా అడిగారు.

నాలుగో మాత్ర కలపకండి. నెలనెలా టెస్టు అక్కర్లేదు. చెల్లెలికి మాత్రం చేయించండి, అదీ ఈ వారంలోనే.

ఫిట్స్ మందు వాడేవాళ్ల రక్తంలో మందు ఎంత ఉందో చూసి, దాని అర్థం ఏమిటో వార్డు డాక్టర్లకు రాసి పంపే పనిలోనే నా ఉద్యోగం చాలావరకు గడిచింది. అందుకే కొంచెం వివరంగా చెబుతాను. నాన్నగారి మందులో ఏ మార్పైనా ఆయన్ని చూసే న్యూరాలజిస్టే చేయాలి. ఆయన ముందు ఏం అడగాలో, ఏం చెప్పాలో తెలిస్తే మీకు పని సులువవుతుంది.

ముందు ఆ ‘తక్కువ’ సంగతి. ఫెనిటాయిన్‌కు ల్యాబులు వేసే హద్దు 10 నుంచి 20 మైక్రోగ్రాములు, ఒక మిల్లీలీటరు రక్తరసికి. ఈ మందు ఫిట్స్‌కు పనిచేస్తుందని 1938లో అమెరికాలో మెరిట్, పట్నం అనే ఇద్దరు చూపించారు. రక్తంలో ఎంత ఉంటే పనిచేస్తుందనే లెక్క మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1960లో డెన్మార్క్‌లో బుక్తాల్ బృందం, తరచూ ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో చేరిన రోగుల రక్తం పరీక్షించి, 10 దాటాక చాలామందికి తగ్గుతున్నాయని గమనించింది. పై హద్దు సంగతి 1964లో కట్ బృందం న్యూయార్క్‌లో తేల్చింది. 20 దాటితే కనుగుడ్లు అదురుతాయి, 30 దాటితే నడక తూలుతుంది, 40 దాటితే మనిషి మత్తుగా, అయోమయంగా అవుతాడు.

కింది హద్దు ఎవరి రక్తం చూసి వచ్చిందో గమనించండి. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లది. జబ్బు తేలికగా ఉన్న మనిషికి 5 దగ్గరే పూర్తిగా తగ్గిపోవచ్చు. ఇంకొకరికి 18 ఉన్నా చాలకపోవచ్చు. అంతర్జాతీయ ఎపిలెప్సీ సంఘం 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ మాటే చెబుతాయి. ల్యాబు హద్దు వేరు, ఒక మనిషికి పనిచేసే లెవెల్ వేరు. మీ నాన్నగారికి పనిచేసే లెవెల్ ఏమిటో ఆరేళ్లుగా ఆయన శరీరమే చూపిస్తోంది. కంప్యూటరు ముద్ర కొట్టిన ‘తక్కువ’ కంటే ఫిట్స్ లేని ఆరేళ్లు పెద్ద సాక్ష్యం.

ఇక ఆల్బుమిన్. రక్తంలో ఉన్న ఫెనిటాయిన్‌లో దాదాపు 90 శాతం ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని తిరుగుతుంది. మెదడులోకి వెళ్లి పనిచేసేది మిగతా 10 శాతమే. మామూలు టెస్టు ఈ రెండూ కలిపి చూపిస్తుంది. ఆల్బుమిన్ తగ్గినప్పుడు అతుక్కున్న భాగం తగ్గి మొత్తం అంకె చిన్నదవుతుంది, పనిచేసే భాగం మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. దీన్ని సరిచూసుకోవడానికి ఒక పాత సూత్రం ఉంది. ఆల్బుమిన్‌ను 0.2తో గుణించి, 0.1 కలిపి, వచ్చినదానితో లెవెల్‌ను భాగించాలి. నాన్నగారి ఆల్బుమిన్ 3.0 కాబట్టి 0.6కు 0.1 కలిపితే 0.7. 7.2ను 0.7తో భాగిస్తే 10.3. అంటే ఆల్బుమిన్ మామూలుగా ఉన్న మనిషిలో 10.3 ఉన్నట్టు లెక్క. ‘తక్కువ’ అన్న ముద్ర అక్కడికక్కడే ఎగిరిపోయింది. ఇది ఉజ్జాయింపు మాత్రమే. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఈ లెక్క ఇలాగే వర్తించదు. కచ్చితంగా తెలియాలంటే ‘ఫ్రీ ఫెనిటాయిన్’ అని విడిగా టెస్టు ఉంది, దాని హద్దు 1 నుంచి 2. అన్నిచోట్లా చేయరు.

ఆ రిపోర్టులో నాకు నిజంగా ఆందోళన కలిగించింది ఫెనిటాయిన్ కాదు, ఆల్బుమిన్. 62 ఏళ్ల మనిషికి ఇంత తక్కువగా, 3.0 ఎందుకుంది? లివర్ సమస్యా, మూత్రంలో ప్రోటీన్ పోతోందా, తిండి సరిగా తినడం లేదా, ఒంట్లో ఏదైనా దీర్ఘకాల జబ్బు ఉందా? దీని కోసం ఫిజీషియన్‌కు చూపించండి. మూత్ర పరీక్ష, లివర్ పరీక్షలు, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష రాస్తారు. కారణం తెలిసేలోపు ఎప్టాయిన్ పెంచడం మరీ ప్రమాదం, ఎందుకంటే లివర్ బాగాలేని మనిషిలో ఆ మందు త్వరగా కరిగి బయటికి పోదు.

నాలుగో మాత్ర వద్దనడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. ఎప్టాయిన్ వాడే ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఇది తెలియాలి. చాలా మందులకు మోతాదు మూడో వంతు పెంచితే లెవెల్ కూడా ఇంచుమించు మూడో వంతే పెరుగుతుంది. ఫెనిటాయిన్ అలా కాదు. దాన్ని కరిగించే లివర్ ఎంజైములకు ఒక పరిమితి ఉంది. చెరువుకు తూము ఒక్కటే ఉన్నప్పుడు, అది పూర్తిగా తెరుచుకున్నాక వచ్చే నీరంతా చెరువులోనే నిలబడి మట్టం గబగబా పెరిగినట్టు, ఎంజైములు తమ పూర్తి శక్తితో పనిచేస్తున్నప్పుడు అదనంగా వేసిన కొంచెం మందు కూడా రక్తంలో పేరుకుపోతుంది. 300 మీద 7.2 ఉన్న మనిషికి 400 ఇస్తే 9.6 అవుతుందని మామూలు లెక్క చెబుతుంది. వాస్తవంలో 18 నుంచి 24 మధ్య ఎక్కడైనా తేలవచ్చు, కొందరిలో అంతకుమించి. ఆల్బుమిన్ తక్కువున్న మనిషిలో 18 అంటేనే అసలు బలం 25 దాకా ఉన్నట్టు. అందుకే ఫెనిటాయిన్ నిజంగా పెంచాల్సి వచ్చినా అనుభవం ఉన్న డాక్టర్లు ఒకేసారి 100 పెంచరు. 25, లేదా 50 మి.గ్రా. పెంచి, రెండు మూడు వారాలు ఆగి మళ్లీ చూస్తారు.

ఇలా పెరిగిపోయినవాళ్లు మా దగ్గరికి ఎలా వచ్చేవారో చెబుతాను. నడుస్తూ ఒక పక్కకు తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, పగలంతా మగత. పెద్దవాళ్లలో ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుంటారు, ‘వయసు మీద పడింది’ అని వదిలేసేవాళ్లూ ఉన్నారు. స్కానింగులన్నీ అయ్యాక ఎవరో ఒకరు ఫిట్స్ మాత్రల సంగతి అడిగితే, లెవెల్ 35 అని తేలుతుంది. ఫెనిటాయిన్ బాగా ఎక్కువైతే ఒక్కోసారి ఫిట్సే ఎక్కువవుతాయి. అది తెలియక ఇంకో మాత్ర కలిపితే ఏమవుతుందో ఊహించండి. బాత్రూములో జారిపడి తుంటి విరిగితే ఆ పెద్దమనిషి మళ్లీ లేచి తిరగడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మీరు రాయని విషయం ఒకటి అడగాలి. రక్తం ఎప్పుడు తీశారు, అంతకుముందు చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు? ప్యాకేజీ టెస్టులకు ఫాస్టింగ్‌లో రమ్మంటారు. ఫాస్టింగ్ అనగానే మాత్రలు కూడా మానేయాలనుకుని ముందురోజు రాత్రి డోసు ఎగ్గొట్టేవాళ్లు చాలామంది. మందు లెవెల్‌కు, తిండికి సంబంధం లేదు. కావలసింది ఒక్కటే, తర్వాతి డోసు వేసుకోబోయే ముందు రక్తం తీయడం. రాత్రి మాత్ర మామూలుగా వేసుకుని, పొద్దున మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లండి. రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోండి. ఫెనిటాయిన్ నెమ్మదిగా దిగే మందు కాబట్టి గంటా రెండు గంటల తేడాకు పెద్దగా ఏమీ కాదు. వాల్‌ప్రోయేట్, కార్బమజపిన్ లాంటి వేరే ఫిట్స్ మందులకు మాత్రం మాత్ర వేసుకున్న రెండు గంటలకు తీసిన రక్తానికీ, వేసుకోకముందు తీసినదానికీ చాలా తేడా ఉంటుంది. సమయం రాయని రిపోర్టు సగం రిపోర్టే. ఫారంపై చివరి డోసు టైము, రక్తం తీసిన టైము రెండూ రాయమని మీరే అడగండి. జెల్ ఉన్న ట్యూబులో చాలాసేపు ఉంచితే కొన్ని ఫిట్స్ మందులు ఆ జెల్‌లోకి పోయి అంకె తగ్గి కనబడుతుంది. జెల్ లేని మామూలు ట్యూబే మంచిది.

మందు మొదలుపెట్టాక, లేదా మోతాదు మార్చాక, లెవెల్ ఒక స్థాయికి వచ్చి నిలవడానికి కొంత కాలం పడుతుంది. ఈలోపు తీసిన రక్తం తప్పుదారి పట్టిస్తుంది. వాల్‌ప్రోయేట్‌కు నాలుగైదు రోజులు, లెవెటిరాసిటమ్‌కు రెండు మూడు రోజులు చాలు. ఫెనిటాయిన్‌కు రెండు మూడు వారాలు, గార్డినాల్ అని మనవాళ్లు పిలిచే ఫినోబార్బిటోన్‌కు మూడు వారాలు ఆగాలి. కార్బమజపిన్‌ది వింత స్వభావం. తనను కరిగించే ఎంజైములను తనే పెంచుకుంటుంది. మొదటి వారంలో 9 ఉన్న లెవెల్, అదే మోతాదు మీద నెల తర్వాత 6కు దిగవచ్చు. రోగి మాత్రలు మానేశాడని తిట్టకండి, అది మందు నైజం.

నెలనెలా ఎందుకు అక్కర్లేదన్నాను? బాగున్న మనిషికి ఊరికే లెవెల్స్ చూస్తూ, అంకెను హద్దులో ఉంచడానికి మోతాదు మారుస్తూ పోతే ఫలితం మెరుగవుతుందా అని ఇటలీలో 180 మంది కొత్త రోగులతో ఒక పరిశోధన చేశారు, 2000లో ప్రచురించారు. సగం మందికి లెవెల్ చూసి, సగం మందికి చూడకుండా మందు సర్దారు. రెండేళ్ల దాకా గమనించాక చూస్తే, రెండు వర్గాలకూ ఫిట్స్ ఇంచుమించు ఒకేలా తగ్గాయి. డబ్బు ఖర్చు ఒక్కటే కాదు, అంకె చూశాక ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. అసలు హాని అక్కడ జరుగుతుంది.

అలాగని టెస్టు పనికిరానిదని అనుకోకండి. దాని వెనుక ఒక ప్రశ్న ఉంటే అంత పనికొచ్చే టెస్టు ఇంకోటి లేదు. బాగా ఉన్న మనిషికి కూడా ఒక్కసారి చేయించడం మంచిదంటాను, అదీ ఫిట్స్ పూర్తిగా అదుపులో ఉన్నప్పుడు, సరైన టైములో రక్తం తీసి. ఆ అంకెను ఫైలు మీద పెద్దగా రాసిపెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి ఆ మనిషి సొంత కొలత ఉంటుంది. నాన్నగారి 7.2 అలాంటిదే. టైము సరిగ్గా ఉందనుకుంటే, ‘ఆల్బుమిన్ 3.0, ఫెనిటాయిన్ 7.2, ఫిట్స్ లేవు’ అని తేదీ వేసి దాచండి.

బాగున్న మనిషికి హఠాత్తుగా ఫిట్స్ వస్తే తప్పకుండా చూడాలి. క్యాజువాలిటీలో ఇంజెక్షన్ ఇవ్వకముందే ఒక ట్యూబు రక్తం తీసి పెట్టమని అడగండి. ఇంజెక్షన్ ఇచ్చాక అసలు విషయం తెలియదు. మామూలుగా 12 ఉండే మనిషికి ఆ రోజు 3 వస్తే డోసులు తప్పాయని, లేదా వేరే మందేదో దాన్ని తగ్గించిందని అర్థం. అదే 12 వస్తే మందు సరిపోవడం లేదని అర్థం. ఈ రెండింటికీ వైద్యం పూర్తిగా వేరు. మొదటిదానికి మోతాదు పెంచితే, మళ్లీ సక్రమంగా వేసుకోవడం మొదలుపెట్టగానే విషమవుతుంది.

ఇక్కడ ఇంట్లోవాళ్లకు ఒక మాట. లెవెల్ తక్కువ వచ్చిందని రోగిని దొంగను పట్టుకున్నట్టు నిలదీయకండి. పెళ్లికి వెళ్లి డబ్బా మర్చిపోయి ఉండొచ్చు, మందుల షాపులో దొరకక రెండు రోజులు ఆగి ఉండొచ్చు, కొత్త ఉద్యోగంలో మగత వస్తుందని భయపడి మానేసి ఉండొచ్చు. తిడితే తర్వాతిసారి టెస్టుకు ముందు నాలుగు రోజులు బుద్ధిగా వేసుకుని మంచి అంకె తెస్తారు, మిగతా నెలంతా మామూలే. నాకు ఎక్కువగా బాధ కలిగించిన ఫైళ్లు ఇలాంటి కుర్రాళ్లవే. ఎందుకు మానేశావని నెమ్మదిగా అడిగితే చెబుతారు, దానికి పరిష్కారం కూడా దొరుకుతుంది.

కొత్త మందు ఏది కలిసినా, ఏది తీసేసినా మళ్లీ చూడాలి. మన దగ్గర దీని అవసరం ఎక్కువ, ఎందుకంటే ఫిట్స్ ఉన్నవాళ్లకు టీబీ రావడం, టీబీ మెదడుకు పాకి ఫిట్స్ రావడం రెండూ చూస్తుంటాం. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్‌ను పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. రెండూ కలిపి ఇస్తారు కాబట్టి ఎటు మొగ్గుతుందో ముందుగా చెప్పలేం. మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు ఒకసారి, రిఫాంపిసిన్ ఆపాక ఇంకోసారి చూడాలి. కార్బమజపిన్ వాడేవాళ్లకు గొంతు నొప్పికి క్లారిత్రోమైసిన్ రాస్తే మూడు నాలుగు రోజుల్లో తూలుతూ వస్తారు. ఫంగస్‌కు వాడే ఫ్లుకొనజోల్ ఫెనిటాయిన్‌ను పెంచుతుంది. వాల్‌ప్రోయేట్ వాడే మనిషి ఐసీయూలో ఉండగా మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెడితే, ఒకటి రెండు రోజుల్లోనే వాల్‌ప్రోయేట్ లెవెల్ అడుగంటిపోతుంది. మోతాదు పెంచినా అందదు. వేరే యాంటీబయాటిక్‌కు మారడమో, వేరే ఫిట్స్ మందు కలపడమో చేయాలి. మీ మనిషి ఐసీయూలో ఉంటే ఈ రెండు పేర్లు గుర్తుంచుకుని డ్యూటీ డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడకండి.

ఆకు మందులైతే ఏమీ కాదనుకోకండి. జ్ఞాపకశక్తికి, ఫిట్స్‌కు మంచిదని శంఖపుష్పి సిరప్ ఇస్తుంటారు. ఫెనిటాయిన్‌తో కలిపి దాన్ని వాడినవాళ్లకు ఫిట్స్ మళ్లీ రావడం గమనించి, ముంబయి వైద్యులు ఎలుకలపై పరీక్షించి, అది రక్తంలో ఫెనిటాయిన్‌ను తగ్గిస్తోందని 1992లో ప్రచురించారు. ఏ వైద్యంపై నమ్మకం ఉన్నా అది మీ ఇష్టం. వాడేవన్నీ డాక్టరుకు చెప్పండి, అంతే.

అన్ని మందులకూ లెవెల్ ఒకేలా ఉపయోగపడదు. ఫెనిటాయిన్‌కు బాగా, కార్బమజపిన్‌కు ఒక మాదిరిగా పనికొస్తుంది. కార్బమజపిన్ హద్దు 4 నుంచి 12. దానితోపాటు రక్తంలో సోడియం చూడటం పెద్దవాళ్లలో ఇంకా ముఖ్యం. వాల్‌ప్రోయేట్‌కు 50 నుంచి 100 అంటారు గానీ, రోజులో అంకె బాగా మారుతుంది, దానికీ ఫలితానికీ పొంతన తక్కువ. వాల్‌ప్రోయేట్ మీద ఉన్న మనిషి మగతగా ఉంటే లెవెల్ 80 ఉందని ఊరుకోకూడదు, అమ్మోనియా, లివర్, ప్లేట్‌లెట్లు చూడాలి. లెవిపిల్ లాంటి లెవెటిరాసిటమ్ మాత్రలు కిడ్నీ ద్వారా పోతాయి కాబట్టి, క్రియాటినిన్ బాగుంటే మామూలుగా లెవెల్ అవసరమే రాదు.

విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నలను తీసుకెళ్లినప్పుడు కంగారుపడే విషయం ఒకటుంది. కొన్ని దేశాల్లో ల్యాబులు వేరే కొలమానం వాడతాయి, మైక్రోమోల్ అని. అక్కడ ఫెనిటాయిన్ హద్దు 40 నుంచి 80. ఇక్కడి 10 అక్కడి 40 అన్నమాట. 45 చూసి విషం ఎక్కిందని హడలిపోయి మాత్రలు ఆపకండి.

నాన్నగారికి నెలనెలా లెవెల్ చేయించే డబ్బుతో చేయించదగ్గవి వేరే ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎప్టాయిన్ వాడితే విటమిన్ డి తగ్గి ఎముకలు గుల్లబారతాయి, చిగుళ్లు వాస్తాయి. విటమిన్ డి, కాల్షియం, వీలైతే ఎముకల స్కాన్ అడగండి. పంటి డాక్టరుకు చూపించండి. ఇంట్లో మీరే చేయగలిగింది కూడా ఉంది. ఆయన్ని ఒక గీత మీద మడమకు రెండో కాలి వేళ్లు ఆనిస్తూ నడవమనండి, తల కదపకుండా మీ వేలిని కళ్లతో అటూ ఇటూ చూడమనండి. తూలినా, కళ్లు అదురుతున్నా లెవెల్ ఎంత ఉందన్నదానితో పని లేకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. హైదరాబాద్ నిమ్స్‌లో క్లినికల్ ఫార్మకాలజీ విభాగం ఇలాంటి లెవెల్స్ చేస్తూ వచ్చింది. కుదిరితే అంకెతోపాటు దాని అర్థం కూడా చెప్పగలిగే అలాంటి చోట చేయించండి.

ఇప్పుడు చెల్లెలి సంగతి. లామోట్రిజిన్ గర్భంలో చాలా వేగంగా ఒంట్లోంచి పోతుంది. అదే మోతాదు వేసుకుంటున్నా లెవెల్ సగానికి, కొందరిలో ఇంకా కిందికి దిగుతుంది. గర్భానికి ముందున్న లెవెల్‌లో 65 శాతం కంటే తగ్గితే ఫిట్స్ పెరిగే అవకాశం ఎక్కువని అధ్యయనాల్లో తేలింది. అందుకే గర్భానికి ముందే ఒకసారి చూసుకోవడం మంచి పద్ధతి. పాత రిపోర్టు ఏమైనా ఉందేమో వెతకండి. లేకపోతే ఇవాళ్టి అంకెనే ఆధారంగా పెట్టుకుని, ప్రసవం దాకా నెలకోసారి చూపించాలి. ఈ టెస్టు చాలా ల్యాబులు బయటికి పంపిస్తాయి, రిపోర్టుకు రోజులు పడుతుంది. అందుకే ఆలస్యం వద్దన్నాను.

బిడ్డకు ఏమవుతుందోనని ఆమె తనంతట తాను మాత్రలు మానేయకుండా చూడండి. అత్తింటివాళ్లు చెప్పినా సరే. లామోట్రిజిన్ గర్భంలో వాడదగ్గ ఫిట్స్ మందుల్లో ముందు వరసలో ఉంది. పెద్ద ఫిట్ వచ్చి పడిపోతే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం. ఫోలిక్ యాసిడ్ ఎంత వేసుకోవాలో న్యూరాలజిస్టు, గైనకాలజిస్టు ఇద్దరూ మాట్లాడుకుని చెప్పేలా చూడండి.

కాన్పు అయ్యాక లెక్క తలకిందులవుతుంది. గర్భంలో పెంచిన మోతాదును ప్రసవం తర్వాత తగ్గించకపోతే, రెండు మూడు వారాల్లో లెవెల్ ఎక్కువైపోయి తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం మొదలవుతుంది. చంటిబిడ్డను ఎత్తుకుని తిరిగే మనిషి అలా తూలకూడదు. ఏ రోజు నుంచి ఎంత తగ్గించాలో ఎనిమిదో నెలలోనే న్యూరాలజిస్టు చేత కాగితం మీద రాయించుకుని ఆసుపత్రి సంచిలో పెట్టండి. తర్వాత గర్భనిరోధక మాత్రలు వాడాలనుకుంటే, ఈస్ట్రోజెన్ ఉన్నవి లామోట్రిజిన్‌ను మళ్లీ సగానికి దించుతాయి కాబట్టి అడగకుండా మొదలుపెట్టొద్దని చెప్పండి.